హీల్స్‌విల్ సంరక్షణవనం

జంతుప్రదర్శనశాల అనగానే మనవారికి ముందుగా జ్ఞాపకం వచ్చేవి సింహం, పెద్దపులి, ఏనుగు, జిరాఫీ. సింహం పడుకొని నిద్రపోతూ ఉంటే పిల్లలు నిరుత్సాహపడతారు. అది లేచి ఒక్కసారి గర్జించిందంటే టికెట్టు డబ్బులు గిట్టినట్లే. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడ లేని జంతువనం ఒకటి ఆస్ట్రేలియాలో ఉన్నది. అక్కడ మనిషిని మించి ఎత్తు పెరిగే జంతువులు కంగారు, ఈమూ పక్షి మాత్రమే. ఆ వనానికి పేరు తెచ్చిన జంతువు ఎత్తులోగాని, బలంలోగాని, అరుపులోగాని చెప్పుకోదగినది కాదు. రెండు కిలోగ్రాముల బరువుకూడ తూగని ఆ ప్రాణి పగలంతా బొరియలో దాగి, చీకటి పడిన తరువాత నీటిలోకి దిగుతుంది. అదే ప్లాటిపస్.

ఆ వనం పేరు హీల్స్‌విల్ సంరక్షణవనం. విక్టోరియా రాష్ట్రంలో, మెల్‌బోర్న్ నగరానికి ఈశాన్యంగా 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, కొండల పాదాన ఉన్నది. దేశవాళీ జంతువులను కాపాడటమే దాని పని. ఆ పని ఎంత సుళువుగా కనిపిస్తుందో నిజానికి అంత కష్టమయినది. జంతువును పట్టి తెచ్చి, వేళకు తిండి పెట్టినంతమాత్రాన సంరక్షణ అనిపించుకోదు. ఆ జంతువు జీవితాన్ని పూర్తిగా తెలుసుకొంటేనేగాని అది సాధ్యం కాదు. హీల్స్‌విల్ చరిత్ర అంతా ఈ ఒక్క పాఠమే.

స్థలం – చరిత్ర

ఆ వనంలో అడుగుపెట్టిన మన తెలుగువారికి చెట్లు చిరపరిచితంగా తోస్తాయి. ఎటు చూచినా యూకలిప్టస్ జాతులే. మన జిల్లాలలో జామాయిల్ పేరుతో రైతులు పెంచే చెట్టు ఈ కుటుంబానిదే. ఆ చెట్లకు పుట్టిల్లు ఆస్ట్రేలియా. వనం పక్కనే బాడ్జర్ వాగు ప్రవహిస్తున్నది. చల్లని ఈ కొండవాగులో సహజంగానే ప్లాటిపస్‌లు తిరుగుతుంటాయి. అంటే ఈ వనంలో పెంచే జంతువులకు గోడ అవతల ఉన్న వాగు, అడవి స్వంత ఊరువంటివి. సంరక్షకులకు సందేహం కలిగితే పక్కనే పాఠ్యపుస్తకం తెరచి ఉన్నదన్న మాట.

ఈ నేల పూర్వం కొరాండెర్క్ అనే ఆదివాసుల నివేశనంలోనిది. 1863లో ఏర్పడిన ఆ నివేశనంలో వురుండ్‌జెరి మొదలయిన కూలిన్ జాతులవారు వ్యవసాయం చేసుకొని జీవించేవారు. ప్రభుత్వం క్రమంగా ఆ భూమిని ఇతరులకు ధారాదత్తం చేస్తూ వచ్చి, 1924లో నివేశనాన్నే మూసివేసింది. ఈ లోపల 1920లో అందులో కొంత భాగం కాలిన్ మెకంజీ అనే వైద్యునికి పరిశోధన నిమిత్తం లభించింది.

మెకంజీ ఎముకలకు, కండరాలకు చికిత్స చేసే వైద్యుడు. పోలియోవల్ల చచ్చుబడిన కండరాలకు తిరిగి పని నేర్పటం ఎట్లాగో ఆయన ఆలోచిస్తుండేవాడు. మానవుని కండరాల పనిని అర్థం చేసుకోవాలంటే ఇతర జంతువుల కండరాలతో పోల్చి చూడాలి. కోలా, కంగారు, ప్లాటిపస్ వంటి జంతువులు ప్రపంచంలో మరెక్కడా లేవు. ఉన్నచోట కూడ అవి తగ్గిపోతున్నవని ఆయన గుర్తించాడు. ఆయన పరిశోధనకోసం ఏర్పరచిన ఆ స్థలమే 1934లో ఆయన పేరుతో ప్రజలకు సంరక్షణవనంగా తెరువబడింది.

మెకంజీ భయం అకారణమయినది కాదు. ఆస్ట్రేలియా కోట్ల సంవత్సరాలుగా ఇతర ఖండాలతో సంబంధం లేక ఒంటరిగా ఉండిపోయింది. అందువల్ల అక్కడి జంతువులు తమదయిన ఒక ప్రత్యేక మార్గంలో పరిణామం చెందినవి. 1788లో ఐరోపావారు వచ్చి స్థిరపడినప్పటినుంచి అడవులు నరికి పొలాలు, పచ్చిక బయళ్ళు చేశారు. నక్కలను, పిల్లులను తెచ్చి విడిచారు. వాటిని తప్పించుకొనే ఉపాయాలు దేశవాళీ జంతువులకు తెలియవు. ఆనాటినుంచి ఈనాటివరకు 30కి పైగా క్షీరద జాతులు ఆస్ట్రేలియాలో నశించిపోయినవి. ఇంత తక్కువ కాలంలో ఇన్ని క్షీరదాలను పోగొట్టుకొన్న ఖండం మరొకటి లేదు.

శాస్త్రజ్ఞులను తికమకపెట్టిన ప్రాణి

ప్లాటిపస్‌కు బాతు ముక్కువంటి మూతి, దట్టమయిన బొచ్చు, వెడల్పయిన తోక, వేళ్ళ మధ్య తోలు గల పాదాలు ఉంటాయి. 18వ శతాబ్దం చివర దీని చర్మం మొదటిసారి ఇంగ్లండు చేరినప్పుడు, ఎవరో కొంటెవాడు బాతు మూతిని తెచ్చి వేరొక జంతువు తోలుకు కుట్టి ఉంటాడని అక్కడి పండితులు అనుమానించారు. 1799లో దానిని వర్ణించిన జార్జి షా అనే శాస్త్రజ్ఞుడు కూడ తన కళ్ళను తానే నమ్మలేకపోయాడు.

ఈ జంతువు గుడ్లు పెడుతుందా, పిల్లలను కంటుందా అనే వివాదం దాదాపు 90 సంవత్సరాలు సాగింది. 1884లో కాల్డ్‌వెల్ అనే యువ శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియానుంచి తంతి పంపి, అది గుడ్లే పెడుతుందని లోకానికి తెలియజేశాడు. గుడ్లు పెట్టినా ఇది క్షీరదమే. అయితే చనుమొనలు లేవు. తల్లి పొట్టమీది చర్మంనుంచి పాలు ఊరి బొచ్చు వెంట జారుతుంటే పిల్లలు పీల్చుకొంటాయి. మగవాటి వెనుక కాళ్ళకు విషం గల ముల్లు ఉంటుంది. అది గుచ్చుకొన్న మనిషి రోజుల తరబడి బాధపడవలసిందే.

అన్నిటికంటె వింత దాని వేట. నీట మునగగానే ప్లాటిపస్ కళ్ళు, చెవులు, ముక్కు మూసుకొంటుంది. మరి అడుగున రాళ్ళ మధ్య దాగిన పురుగు ఎట్లా దొరుకుతుంది? ప్రతి జీవి కండరం కదిలినప్పుడు అతి స్వల్పమయిన విద్యుత్తు పుడుతుంది. ప్లాటిపస్ మూతిమీద సుమారు 40,000 విద్యుద్గ్రాహకాలు ఉన్నవి. వాటితో ఆ విద్యుత్తును పసికట్టి, తలను ఇటూ అటూ ఊపుతూ ఎరను పట్టుకొంటుంది. ఈ సంగతి 1980లలోగాని శాస్త్రజ్ఞులకు తెలియలేదు.

వానపాముల లెక్క

1937లో డేవిడ్ ఫ్లే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఈ వనానికి సంచాలకుడయినాడు. ప్లాటిపస్‌ను బ్రతికించటమే గగనమని అందరూ భావించే కాలమది. ఫ్లే మొదట ఎదుర్కొన్న సమస్య తిండి. ప్లాటిపస్ వాగులో రోజుకు పది పన్నెండు గంటలు మునుగుతూ లేస్తూ వేటాడుతుంది. తన బరువులో అయిదవ వంతుకు దగ్గరగా ప్రతి దినం తినాలి. వానపాములు, పురుగుల డింభకాలు, మంచినీటి రొయ్యజాతి జీవులు వందలకొద్దీ కావాలి. అవి కూడ ప్రాణంతో ఉన్నవే కావాలి. ఒక్క జంతువుకు ఆహారం సేకరించటానికి మనుషులు రోజంతా నేల తవ్వవలసి వచ్చేది.

రెండవ సమస్య ఇల్లు. తొట్టినిండా నీళ్ళు పోసి ప్లాటిపస్‌ను అందులో వదిలితే చాలదు. వాగులోనుంచి వచ్చిన ప్లాటిపస్ ఒడ్డున ఉన్న ఇరుకు బొరియలో దూరినప్పుడు దాని బొచ్చులోని నీరు మట్టికి ఒత్తుకొని పిండినట్లు పోతుంది. తడి ఆరక అట్లాగే పడుకొంటే చలివల్ల జబ్బు చేస్తుంది. అందుకని కొలనుకు ఆనుకొని గడ్డి పరచిన పొడుగాటి ఇరుకు సొరంగాలు కట్టారు. వాటి చివర పొడిమట్టి గట్టు పెట్టి, బొరియ తవ్వుకొనే పని జంతువుకే వదలిపెట్టారు.

జాక్ అనే మగది, జిల్ అనే ఆడది ఈ ఇంటిలో పెరిగినవి. 1943 వసంతంలో, అంటే దక్షిణార్ధగోళంలో అక్టోబరు ప్రాంతంలో, జిల్ ప్రవర్తన మారింది. తడి ఆకులను తోకకింద మడిచి పట్టుకొని బొరియలోకి మోయసాగింది. తరువాత లోపలినుంచి దారిని మట్టితో మూసి కొన్ని దినాలపాటు బయటికి రాలేదు. తిరిగి వచ్చినప్పటినుంచి దాని ఆకలి విపరీతమయింది. పాలిచ్చే ఆడ ప్లాటిపస్ కొన్ని రోజులలో దాదాపు తన బరువంత ఆహారం తినగలదని ఇప్పుడు మనకు తెలుసు. ఫ్లే దానిని అప్పుడు కళ్ళారా చూస్తున్నాడు.

లోపల ఏమి జరుగుతున్నదో చూడాలని ఎంత ఆతురత ఉన్నా, తవ్వితే తల్లి బెదరి పిల్లను వదిలివేయవచ్చును. కాబట్టి ఆయన వారాల తరబడి వానపాముల లెక్క చూచుకొంటూ కాచుకొని ఉన్నాడు. 1944 జనవరి మొదటి దినాలలో బొరియను తెరచి చూడగా ఆరోగ్యంగా ఉన్న పిల్ల కనబడింది. దానికి కోరీ అని పేరు పెట్టారు. మనిషి సంరక్షణలో పుట్టి పెరిగిన మొట్టమొదటి ప్లాటిపస్ అదే.

ఓడమీద ప్లాటిపస్

జాక్, జిల్ జంట కట్టిన ఆ 1943లోనే ఇంకొక సంగతి జరిగింది. రెండవ ప్రపంచ యుద్ధం తీవ్రంగా సాగుతుండగా, బ్రిటన్ ప్రధాని చర్చిల్ తనకు ఆరు ప్లాటిపస్‌లు కావాలని ఆస్ట్రేలియాను కోరాడు. ఆరింటిని పంపటం సాధ్యం కాదని వాదించి, ఫ్లే ఒక్కదానిని సిద్ధం చేశాడు. ప్రధాని పేరే పెట్టి దానిని విన్‌స్టన్ అన్నారు. ఓడమీద దానికి ప్రత్యేకంగా కొలను, సొరంగాలు, వేలకొద్దీ వానపాములు, కనిపెట్టి చూడటానికి ఒక మనిషి, అన్నీ అమర్చారు. అయినా ఓడ లివర్‌పూల్ చేరటానికి కొద్ది రోజులముందు విన్‌స్టన్ మరణించింది.

శత్రువుల జలాంతర్గామిపై ఓడ ప్రయోగించిన పేలుడు గుండ్ల అదురుకు అది చనిపోయిందని ఫ్లే వ్రాశాడు. ఎనభై సంవత్సరాలు అందరూ అదే చెప్పుకొన్నారు. 2025లో పరిశోధకులు, ఓడమీద సంరక్షకుడు రోజూ వ్రాసి ఉంచిన చిట్టాను వెదకి చూచారు. ఓడ భూమధ్యరేఖను దాటుతున్నప్పుడు దాదాపు ఒక వారంపాటు ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్‌కు మించి ఉన్నదని అందులో నమోదయింది. ప్లాటిపస్ శరీర ఉష్ణోగ్రత సుమారు 32 డిగ్రీలు మాత్రమే. చల్లని వాగుకు అలవాటుపడిన ఆ ప్రాణి అంత వేడిని ఎక్కువ కాలం భరించలేదు. తిండిని కూడ అప్పటికే కొంత తగ్గించవలసి వచ్చింది. కాబట్టి దాని ప్రాణం తీసినది పేలుడు కాదు, వేడి అని వారు నిర్ణయించారు.

ఈ వృత్తాంతంలో విద్యార్థులు గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. సంరక్షకుడు ప్రతి దినం ఉష్ణమానిని చూచి అంకెలు వ్రాసి పెట్టాడు. ఆ అంకెల అర్థం ఆనాడు తెలియలేదు. అయినా వ్రాసి ఉంచినందువల్లనే తరువాతి తరంవారు నిజం తెలుసుకోగలిగారు.

55 సంవత్సరాల నిరీక్షణ

కోరీ పుట్టిన తరువాత ప్లాటిపస్‌లను పెంచే రహస్యం తెలిసిపోయిందనే అందరూ అనుకొన్నారు. 1947లో ఫ్లే మూడు ప్లాటిపస్‌లను స్వయంగా వెంటబెట్టుకొని న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలకు చేర్చాడు. 1953లో అక్కడి ఆడ ప్లాటిపస్ పెనెలపీ ఆకులు మోసి బొరియలో దూరింది. తరువాత జిల్‌వలెనే ఎడతెరపిలేకుండా తినటం మొదలుపెట్టింది. సంరక్షకులు సంతోషించి అడిగినంతా పెట్టారు. నాలుగు నెలలు గడచిన తరువాత, పత్రికలవారు కూడ వచ్చి చూస్తుండగా బొరియను తవ్వారు. లోపల పిల్లలేదు, గూడూ లేదు! పైకి కనిపించే లక్షణాలు సరిపోయినంతమాత్రాన కారణం కూడ అదే అనుకొనరాదని అప్పుడు తెలిసింది.

హీల్స్‌విల్‌లో సైతం కోరీ తరువాత పిల్ల దక్కలేదు. మళ్ళీ విజయం లభించినది 1998–99లో, ఈసారి కవలలు. మధ్య 55 సంవత్సరాలు గడచిపోయినవి. ఇంత ఆలస్యం ఎందుకయింది?

ప్లాటిపస్‌లకు సంవత్సరానికి ఒకే ఋతువు. ఆడది రెండు సంవత్సరాలయినా నిండకుండా గుడ్లు పెట్టదు. పెద్దదయిన తరువాత కూడ ఏటా పెడుతుందన్న నియమం లేదు. పెట్టినా సాధారణంగా రెండే గుడ్లు. ఆడది మగదానిని అంగీకరించాలి. అంగీకరించిన తరువాత దానికి ఏకాంతం కావాలి. గూటికి తగిన ఆకులు, మట్టి, తేమ, నీటి చల్లదనం, ఆహారం అన్నీ కుదరాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ ఏడు పోయినట్లే. తప్పిన దేదో ఊహించి సరిదిద్దుకొని, మళ్ళీ వసంతం వచ్చేవరకు ఆగాలి. ప్రయోగశాలలో ఒక పూటలో తేలే ప్రశ్నకు ఇక్కడ ఒక సంవత్సరం పడుతుంది.

చిమ్మటలు రాని సంవత్సరం

హీల్స్‌విల్ నేడు ప్లాటిపస్‌తో ఆగలేదు. నశించిపోయే ప్రమాదంలో ఉన్న జాతులను పెంచి తిరిగి అడవికి పంపటం దాని ముఖ్యకార్యం. విక్టోరియా రాష్ట్ర పక్షి అయిన శిరస్త్రాణ తేనెపిట్ట 1989 నాటికి కొన్ని పదుల సంఖ్యకు దిగజారింది. ఆ సంవత్సరంనుంచే దానిని ఇక్కడ పెంచుతున్నారు. శీతకాలంలో టాస్మానియానుంచి సముద్రం దాటి వచ్చే నారింజపొట్ట చిలుకలు 2016లో అడవిలో 17 మాత్రమే లెక్కకు వచ్చినవి. హీల్స్‌విల్‌లోను, ఇతర కేంద్రాలలోను పెంచిన చిలుకలను విడుస్తూ రావటంవల్ల తరువాత వాటి సంఖ్య పెరిగింది.

వీటన్నిటిలో కొండ మరుగుజ్జు పాసమ్ కథ మరీ విశేషమయినది. ఇది చిట్టెలుకంత సంచిజంతువు. బరువు 45 గ్రాములు. 19వ శతాబ్దం చివర ఒక గుహలో దొరికిన శిలాజ ఎముకలనుబట్టి, ఎన్నడో అంతరించిన జంతువుగా దీనిని వర్ణించారు. 1966లో హోతమ్ పర్వతంమీద మంచుమీద జారే ఆటగాళ్ళ విడిదిలో ప్రాణంతో ఉన్న ఒకటి దొరికింది! శీతకాలమంతా మంచుకింద రాళ్ళ సందులలో నెలల తరబడి నిద్రపోయి, వసంతంలో లేస్తుంది. లేవగానే దానికి ముఖ్యాహారం బొగాంగ్ అనే చిమ్మట. ఈ చిమ్మటలు వందలాది కిలోమీటర్ల దూరానున్న మైదానాలలో పుట్టి, వేసవి గడపటానికి కొండలకు వలసవస్తాయి.

2017 నుంచి మైదానాలలో వర్షాలు లేక చిమ్మటలు రావటం దాదాపు ఆగిపోయింది. తల్లుల సంచులలో పిల్లలు ఆకలికి చనిపోయినవి. కొండమీద ఎవ్వరూ చెట్టు నరకలేదు, ఎవ్వరూ వేటాడలేదు. వందల కిలోమీటర్ల దూరాన వాన కురవక పోవటమే కారణం. హీల్స్‌విల్ సంరక్షకులకు ఆ జంతువును పెంచిన అనుభవం ఉన్నది. అది ఏమి తింటే ఎంత బలమో వారికి తెలుసు. చిమ్మటల పోషకవిలువకు సరిపోయేట్లు వారు ఒక బిస్కత్తు తయారుచేశారు. 2019–20 కార్చిచ్చుల తరువాత ఆ బిస్కత్తులు కొండలపై పాసమ్‌లకు చేరినవి. బోనులో నేర్చిన విద్య ఈ విధంగా అడవికి అక్కరకు వచ్చింది. కాని బిస్కత్తు ఆపద్ధర్మమే. చిమ్మటలు తిరిగి రాకపోతే ఆ జాతిని ఎల్లకాలం బిస్కత్తులతో బ్రతికించటం సాధ్యం కాదు.

గోడ అవతలి వాగు

సంరక్షణవనానికి కూడ ప్రమాదాలు లేకపోలేదు. 2009 ఫిబ్రవరిలో విక్టోరియాలో భయంకరమయిన కార్చిచ్చు చెలరేగినప్పుడు, మంటలు సమీపిస్తుండగా అరుదయిన జంతువులను ముందుగానే మెల్‌బోర్న్ జంతుప్రదర్శనశాలకు తరలించారు. ఒక జాతి అంతా ఒకేచోట ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలునని అందరికీ బోధపడింది. అందుకే ఇటువంటి జంతువులను ఒకటికంటె ఎక్కువ కేంద్రాలలో పంచి ఉంచుతారు.

వనంలో ఒక వైద్యశాల ఉన్నది. కార్ల కింద పడినవి, కాలిన గాయాలు తగిలినవి, తల్లులను కోల్పోయినవి అయిన అడవి జంతువులను అక్కడికి తెస్తారు. గాజు కిటికీ వెనుక వైద్యులు చేసే చికిత్సను సందర్శకులు నిలబడి చూడవచ్చును. వచ్చిన జంతువుకు ఏమి జరిగిందో తెలుసుకొంటే, బయట ఏమి జరుగుతున్నదో తెలుస్తుంది. ప్లాటిపస్ విషయమే చూడండి. రొయ్యజాతి జీవులను పట్టటానికి వాగులలో పెట్టే ఒకరకం మూతవలలో అది లోపలికి దూరుతుంది, తిరిగి రాలేదు. ప్లాటిపస్ నీటిలో వేటాడినా పీల్చేది గాలినే. ఒకటి రెండు నిమిషాలకు ఒకసారి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. ఇట్టి వలలను విక్టోరియాలో 2019 జూలైనుంచి నిషేధించారు. అయినా నీటి కొరతవల్ల, ఆనకట్టలవల్ల, వాగు ఒడ్లు పాడుకావటంవల్ల ప్లాటిపస్‌లు తగ్గుతూనే ఉన్నవి. 2021లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్లాటిపస్‌ను అపాయంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చింది. 55 సంవత్సరాలు కష్టపడి నేర్చిన పెంపకం వ్యర్థం కాకూడదంటే, గోడ అవతలి వాగు బ్రతికి ఉండాలి.

మనం అడుగవలసిన ప్రశ్నలు

ఈ పాఠం ఆస్ట్రేలియాకు మాత్రమే పరిమితమయినది కాదు. హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2010 నుంచి మూషిక జింకలను ప్రత్యేకంగా పెంచుతున్నారు. కుందేలుకంటె కొంచెం పెద్దది, కొమ్ములు లేనిది, రాత్రిపూట మాత్రమే సంచరించేది అయిన ఈ జింక మన అడవులదే. సింహంచుట్టూ మూగే జనంలో దీని పేరు విన్నవారు కొద్దిమందే. అక్కడ పుట్టి పెరిగినవాటిలో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో విడిచారు.

ఉపాధ్యాయులు పిల్లలను జంతుప్రదర్శనశాలకు తీసుకొని వెళ్ళినప్పుడు ఎన్ని జంతువులు చూచాము అని లెక్కపెట్టించటంకంటె, ఒక్క దేశవాళీ జంతువు ముందు ఒక గంట నిలబెట్టటం మేలు. ఇది ఏమి తింటున్నది? అడవిలో అయితే ఏమి తినేది? ఎక్కడ నిద్రపోతుంది? ఎంత వేడి, ఎంత చలి ఓర్చుకొంటుంది? ఇక్కడ పిల్లలు పెట్టిందా? పెట్టకపోతే ఏమి తక్కువయింది? ఈ ప్రశ్నలు సంరక్షకులను అడిగి, చెప్పిన సమాధానాలను పిల్లలచేత అంకెలతోసహా వ్రాయించాలి. చివర ఒక ప్రశ్న మిగులుతుంది: రేపు తలుపు తెరిస్తే ఇది వెళ్ళి బ్రతకటానికి బయట అడవి ఉన్నదా? ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం సంరక్షకులు సమాధానం చెప్పలేరు. అది చెప్పవలసినవారు ఆ పిల్లలే.